కోడలి రక్తం

పొద్దున్నే బియ్యం కడుగుతుంటే మా అత్తగారు రామలక్ష్మిగారు వంటింటి గుమ్మం దగ్గరే ఆగి అడిగేవారు, ఆ రక్తం పెట్టె గొడ్లసావిట్లోనే పెట్టేవు కదా అని. పెట్టేనండీ అనేదాన్ని. తలస్నానం చేసే లోపలికొచ్చేవు కదా అనేవారు. చేసేనండీ అనేదాన్ని. ఇద్దరికీ జవాబు ముందే తెలిసిన ప్రశ్నలవి. ఆవిడ అడగటం మానలేదు, నేను చెప్పటం మానలేదు. అన్నం వార్చి, కూరా చారూ చేసి, మామగారికి కేరేజీ సర్ది, ఆఖరికి ఆ పెట్టెలో ఐసు నింపుకుని పలివెల నుంచి బస్సెక్కేసరికి ఎండ ముదిరిపోయేది. బస్సు కిటికీ పక్కన కూచున్నాక గానీ నేను వైరాలజీలో డాక్టరేట్ చేసినదాన్నని నాకు గుర్తొచ్చేది కాదు.

అది 2002 చలికాలం. హైదరాబాదులో నేను పనిచేసే లేబరేటరీ పెద్ద ప్రకాశరావుగారు హెపటైటిస్ సి మీద ఒక పరిశోధన తలపెట్టేరు. రక్తంలోంచి రక్తంలోకి మాత్రమే పాకి, ఏళ్ళ తరబడి కిక్కురుమనకుండా లివర్ని తినేసే వైరస్ అది. కోనసీమలో గల్ఫ్ వెళ్ళబోయేవాళ్ళు మెడికల్ టెస్టులో దీంతో వెనక్కి వస్తున్నారని తెలిసి, అసలిది ఎలా పాకుతోందో చూడాలనుకున్నారు. మీటింగులో నన్ను చూపించి, "మా మాధురిది ఆ ప్రాంతమే. ఊళ్ళు తిరిగి శాంపిళ్ళు తెస్తుంది" అన్నారు. ప్రశ్నలు రాసింది నేను, ఏ ఇళ్ళు చూడాలో తేల్చింది నేను. తెచ్చేది మాత్రం శాంపిళ్ళు. మా ఆయన శివశంకర్ బ్యాంకు పని మీద హైదరాబాదులోనే ఉండిపోయేరు. పోనీలే, ఆ మూడు నెలలూ అమ్మకి సాయంగా ఉన్నట్టుంటుంది అన్నారు.

అయినా ఇప్పుడు ఇన్నేళ్ళయ్యేక తలుచుకుంటే, నా ఉద్యోగం మొత్తంలో ఆ చలికాలమంత తీపి రోజులు మళ్ళీ రాలేదు. గన్నవరం దగ్గర బస్సు, కాలవని ఏటి మీదుగా దాటించే ఆక్విడక్టు పక్కనుంచి వెళ్తుంటే కింద గోదావరి ఎండకి తళతళలాడేది. అంబాజీపేట దాటుతుంటే ఎండుకొబ్బరి వాసన బస్సంతా నిండేది. అది నేను పుట్టిన ఊరు. ఆ వాసనకే నాకు మా నాన్న గుర్తొచ్చేవారు. చిన్నప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, సైకిలు ముందు కూచోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవారు. స్పిరిట్ దీపం మీద గాజు సిరంజి మరుగుతూ ఉండేది. నేను ఏడిస్తే బయటికొచ్చి జీళ్ళు కొనిచ్చేవారు. సూదిమందు వేయించటమంటే మా ఊళ్ళలో ప్రేమ. ఎవరినైనా బాగా చూసుకున్నారని చెప్పాలంటే, తుమ్మితే సూదిమందు వేయించేవారు అనేవాళ్ళు.

రాజోలు అవతల, ఏటిగట్టు కిందున్న ఒక పల్లెకి వెళ్ళినప్పుడు గంగాభవానిని చూసేను. వాళ్ళ మామ బంగారరాజుకి సొంత పడవుంది. ఆయన కొడుకు, ఆమె మొగుడు దుర్గేష్ కువైట్ వీసా తెచ్చుకుని బొంబాయి దాకా వెళ్ళి, మెడికల్‌లో అన్‌ఫిట్ అని తిరిగొచ్చేడు. రక్తంలో జబ్బన్నారు. ఇంట్లో ఎవరికీ లేని జబ్బు వీడికెక్కడిది? ఏటికవతల ఊరి నుంచి వచ్చిన మనిషి ఒక్కత్తే కాబట్టి జబ్బు ఆమెతోనే వచ్చిందని అత్త అచ్చాయమ్మ తేల్చేసింది. గంగాభవానికి కంచం వేరు, గ్లాసు వేరు. పడక వలల పాకలోకి మారింది. రెండేళ్ళ కూతుర్ని తల్లి దగ్గరికి పోనివ్వటం లేదు.

నేను వెళ్ళేసరికి ఆమె పెరట్లో అంట్లు తోముతోంది. ఆ ఇంట్లో ఆమె వండితే తినరు గానీ నీళ్ళు ఆమే మొయ్యాలి, గిన్నెలు ఆమే తోమాలి, తెగిన వలలు ఆమే అల్లాలి. ముట్టుకుంటే అంటుకునే జబ్బు అంట్ల దగ్గర మాత్రం అంటుకోదన్నమాట. నాకు గొడ్లసావిట్లో నా ఐసు పెట్టె కళ్ళముందు మెదిలింది. రక్తం తీస్తుంటే ఆమె మొహం పక్కకి తిప్పుకోలేదు. గొట్టంలోకి ఎక్కుతున్న ఎరుపుని చూస్తూ, "నాదాంట్లో ఉంటే నా పిల్లకి కూడా ఉంటాదా అండీ?" అని మాత్రం అడిగింది. చూసి చెప్తానన్నాను. ఆ ఇంట్లో అందరి రక్తమూ తీసేను.

హైదరాబాదు నుంచి ఫలితాలు వచ్చేయి. బంగారరాజుకి ఉంది. అచ్చాయమ్మకి ఉంది. దుర్గేష్‌కి ఉంది. గంగాభవానికి లేదు, పిల్లకీ లేదు. అదొక్క ఇల్లే కాదు. తిరిగిన ప్రతి ఊళ్ళోనూ పెద్దవాళ్ళలో, సంపాదించే మగవాళ్ళలో, అత్తగార్లలో వైరస్ కనిపించింది. కోడళ్ళలో చాలా తక్కువ. ప్రకాశరావుగారు ఫోన్లో సంబరపడిపోయేరు. ఈ వయసు ఆడవాళ్ళలో ఏదో సహజ రక్షణ ఉంది, హార్మోన్లు కావచ్చు, జన్యువులు కావచ్చు, పెద్ద పేపరవుతుంది మాధురీ అన్నారు. నాకూ ఆశ పుట్టింది. ఏ శాస్త్రవేత్తకి పుట్టదు? రాజోలు బస్సులో దారంతా హార్మోన్ల గురించే ఆలోచించుకుంటూ వెళ్ళేను.

ఆ పల్లెలో ముందు పోతురాజుగారిని కలిసేను. ఆయన ఆర్‌ఎంపీ డాక్టరు, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సైకిలు మీద వెళ్ళే మనిషి. దాచకుండా చెప్పేరు. గాజు సిరంజిలున్నప్పుడు మరిగించేవారట. ప్లాస్టిక్‌వి వచ్చేక మరిగిస్తే కరిగిపోతాయని వేణ్ణీళ్ళతో కడిగి వాడుతున్నారట. ఒక్కటి అందరికీ. ఎక్కడినుంచి పాకుతోందో నాకు తెలిసిపోయింది. కోడళ్ళ సంగతి మాత్రం తెలియలేదు.

బంగారరాజు ఇంటి అరుగు మీద కూచుని ఎవరికుందో ఎవరికి లేదో అందరికీ చెప్పేను. ఈ జబ్బు కంచంలోంచి రాదు, ముట్టుకుంటే రాదు, ఒకరు వాడిన సూది ఇంకొకరికి వాడితే వస్తుంది అన్నాను. అచ్చాయమ్మకి ఏడుపొచ్చింది. మా ఆయనకి చలిజరమొస్తే నేనే పిలిపించేను, అబ్బాయికి వేట నుంచొచ్చి ఒళ్ళునొప్పులంటే నేనే పిలిపించేను, నాకు నడుం పట్టేస్తే ఆయన పిలిపించేడు, మంచికనే కదమ్మా అంది. మంచికనే అన్నాను. ఆవిడ తప్పేం కాదు.

అప్పుడు గంగాభవాని వైపు తిరిగేను. వలల పాక గుంజకి ఆనుకుని నిలబడి వింటోంది.

"నీకు పోతురాజుగారు ఎప్పుడైనా సూదిమందు వేసేరా?"

"లేదండి."

"పెళ్ళయ్యేక నీకు జ్వరాలు రాలేదా?"

"ఎందుకు రావండీ, వచ్చేయి. వంటయ్యేక పడుకునేదాన్ని."

అచ్చాయమ్మ నేలమీంచి కళ్ళెత్తకుండా, వయసులో ఉన్న పిల్ల, అదే తగ్గుద్దనుకునేవాళ్ళమండి అంది.

దారంతా నేను మోసుకొచ్చిన హార్మోన్లు, జన్యువులు ఎటు పోయేయో. మా పెళ్ళయిన కొత్తలో నాకు టైఫాయిడొచ్చింది. సైన్సు చదివినదానివి, నీకు తెలీదా ఏ మాత్రలు వేసుకోవాలో అని శివశంకర్ ఆఫీసుకి వెళ్ళిపోయేరు. పనిలో పడితే అదే పోతుందని అత్తగారు ఫోన్లో చెప్పేరు. సాయంత్రం రిక్షా కట్టించుకుని నేనే ఆస్పత్రికి వెళ్ళేను. నా చదువు నాకు రిక్షా ఎక్కే ధైర్యమిచ్చింది. గంగాభవానికి అదీ లేదు.

బంగారరాజు లోపలికెళ్ళి మనవరాలిని ఎత్తుకొచ్చి కోడలి చేతికిచ్చేడు. పిల్ల తల్లి మెడ పట్టుకుని వదల్లేదు. అచ్చాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, అంతా మామూలైపోయినట్టు, "ఇంకేటే, లోపలికి రా. పొద్దెక్కిపోయింది, అన్నం వండు" అంది.

గంగాభవాని కదల్లేదు. అత్తని ఎదిరించినట్టు కాదు, ఏదో ఇప్పుడే తట్టినట్టు నెమ్మదిగా అంది.

"ఈయాల వండనత్తా. నాకు ఒంట్లో బాలేదు. పడుకుంటాను."

పిల్లనెత్తుకుని, నడింట్లోకి వెళ్ళి, చాప పరుచుకుని పడుకుంది. పొయ్యి దుర్గేష్ ముట్టించేడు. నాకు టీ ఇచ్చింది కూడా అతనే. చక్కెర ఎక్కువై గొంతు పట్టేసిన ఆ టీ రుచి ఇప్పటికీ నా నాలుక మీదుంది.

తర్వాత దుర్గేష్ గల్ఫ్ వెళ్ళలేదు. రొయ్యల చెరువుల మీద పనికి కుదిరేడు, కాకినాడలో లివర్ చూపించుకుంటున్నాడు. పోతురాజుగారు ఆ ఊళ్ళో కొత్త సిరంజి కవరు చింపి చూపిస్తే గానీ ఇప్పుడు ఎవరూ చెయ్యి చాపరు. ముందుగా అలా అడిగింది గంగాభవానేనట, పిల్లకి దగ్గొచ్చినప్పుడు.

ఆ రోజు పలివెల చేరి, బట్టలు మార్చుకోకుండానే వంటింట్లో పీట వేసుకుని పేపరు రాయటం మొదలుపెట్టేను. అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయేరు. హైదరాబాదు వెళ్ళేక ప్రకాశరావుగారు నేను రాసింది చదివి చివరి పేరాకి ఎర్రసిరాతో అడ్డగీత కొట్టేరు. ఇది సైన్సు కాదమ్మా, కోపం అన్నారు. పేపర్లో తన పేరు ముందు, నా పేరు ఆఖర్న ఉన్నాయి. ఎన్ని సూదిమందులు పడితే ఎంత జబ్బో ఊరూరా మళ్ళీ తిరిగి లెక్క కట్టేకే ఆ పేరా రాసేనండీ అన్నాను. అది తీసేస్తే నా పేరూ తీసెయ్యండి, పేరు ఉంచితే దాన్ని మొదట వెయ్యండి, ఇళ్ళ గడప తొక్కింది నేను అన్నాను. ఆయన పెన్నుకి మూతపెట్టి కాగితాలు నా వైపు జరిపేరు. ఏడాది తర్వాత పేపరు అచ్చయింది, నా పేరు మొదట, ఆ పేరా ఆఖర్న. ఇంగ్లీషులో అచ్చయిన ఆ మాటలు మన భాషలో ఇవి:

ఈ ఇళ్ళలో కోడళ్ళని వ్యాధి నుంచి ఏ సహజ రక్షణా కాపాడలేదు. వాళ్ళకి జ్వరం వచ్చినప్పుడు ఎవరూ డాక్టర్ని పిలవలేదు.