సెట్ అన్న మాట

గళ్ళచొక్కా సొంత బావమరిదే అయినా, వాడు చేసిన పని పగవాడు కూడా చెయ్యడు. తప్పు ఎదురుగా తెరమీద కనిపిస్తుంటే చూసి, చూసినట్టు చెప్పకుండా, బావ కాళ్ళకింద నేల లాగేశాడు. నిలదీస్తే, "నువ్వే కదా బావా కొట్టింది?" అన్నాడు. కొట్టకుండా వదిలేసింది మూడే మూడు ఇంగ్లీషు అక్షరాలు.

గళ్ళచొక్కా అన్న పేరు వాడికి అక్కే పెట్టింది. పెళ్ళికైనా చావుకైనా గళ్ళచొక్కానే. కంప్యూటర్ ముందు కూర్చుంటే అక్కడా గళ్ళే. చొక్కా ఎక్కడ అయిపోయిందో, తెర ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. వాడికి ఇంకో జబ్బు కూడా ఉండేది. నోరు తెరిస్తే 'సెట్'. కాఫీ తాగితే సెట్, చెప్పులేసుకుంటే సెట్, ఎవరైనా పోయారని కబురొస్తే కూడా ముందు సెట్ అని, ఆ తర్వాత నాలిక్కరుచుకునేవాడు.

వాడి బావని అందరూ తోటాయన అనేవాళ్ళు. ఏడో తరగతితో చదువుకి దణ్ణం పెట్టి, ఒక గాజుతోటలో నారుమడుల పనికి చేరాడు. పైకప్పూ గోడలూ అన్నీ గాజే. చేరినచోటే యజమాని కూతుర్ని చేసుకున్నాడు. మామగారు పోయాక తోట గళ్ళచొక్కా పేరుమీదికి వెళ్ళింది. చాకిరీ మాత్రం తోటాయన పేరుమీదే ఉండిపోయింది.

"ఇంత చేసే మనిషికి ఒక మూలైనా ఇవ్వరా," అని ఒకరోజు అక్క పట్టుబట్టింది.

"ఇచ్చేశానే అక్కా! ఆ చివరి మడి బావదే. సెట్!" అంటూ గళ్ళచొక్కా బావ అరచేతిలో ఫట్‌మని కొట్టాడు.

ఆ చప్పుడు తోటాయన చెవిలో అలాగే నిలిచిపోయింది. ఆ మడిలో లిల్లీలు పెట్టాడు. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అద్ది, వచ్చిన గింజ నాటి, అది దుంప కట్టేదాకా కాచుకుని, మళ్ళీ అద్దేవాడు. వాన పడబోయే ముందు మబ్బుకి ఒక రంగొస్తుంది, నీలమూ కాదు బూడిదా కాదు. ఆ రంగు పువ్వు కావాలి ఆయనకి. తెల్లవారగట్ల పైపులు మంచులా నీళ్ళు చిమ్ముతుంటే, ఆ పొగలో మడి నేలని వదిలి జానెడెత్తు తేలుతున్నట్టు ఉండేది. దుంపలు లోపల నిద్రపోతూ ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించేది. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

ఆ నీళ్ళు గళ్ళలోంచి వచ్చేవి. తోటంతా కంప్యూటర్లో ఒక షీట్. నేలమీద అడుగు చదరానికి తెరమీద ఒక గడి. గడిలో 'నీ' అని ఉంటే ఆ అడుగుమీద పైపు చిమ్ముతుంది, ఖాళీగా ఉంటే చిమ్మదు. ప్రతి సోమవారం పొద్దున్నే మాక్రో ఒకటి, అంటే కంప్యూటర్ తనంతట తానే చేసుకుపోయేలా రాసిపెట్టిన ఆజ్ఞల వరస, షీటంతా తుడిచేసి ఏ మడికి ఏం కావాలో మళ్ళీ నింపుతుంది. షీట్‌లో ఖాళీగా ఉన్నది నేలమీదా ఖాళీయే అని తోటలో లెక్క.

ఒకసారి లిల్లీమడి పొడిబారి, పక్కన నడిచే బాట నాచుపట్టి పచ్చగా మెరిసింది. తోటాయన వెళ్ళి, "ఏమిట్రా, బాటలో ఏమైనా నాటావా?" అని అడిగాడు.

గళ్ళచొక్కా తెర చూసి తల గోక్కున్నాడు. "పైన రెండు వరసలు దూర్చాను బావా. షీట్‌లో నీ మడి కిందికి జరిగింది. మాక్రోలో మాత్రం పాత గడుల నంబర్లే ఉన్నాయి. ఇల్లు మారినా పాత గుమ్మంలోనే పాలు పోసినట్టయింది."

"మరి కొత్త నంబర్లు రాయి."

"మళ్ళీ వరసలు దూరిస్తే? నంబర్లు కాదు, పేరు పెట్టాలి. షీట్‌లో నీ మడి మొత్తానికీ లిల్లీ అని పేరు తగిలించాను. అది ఎటు జరిగితే పేరూ అటు జరుగుతుంది. ఇక మాక్రోలో ఒక వేరియబుల్ పెట్టి, దాని చేతికి ఆ మడిని అప్పగించాలి. వేరియబుల్ అంటే ఏం లేదు, ఆ కాసేపూ మడిని పట్టుకుని నిలబడే మనిషి అనుకో. మనిషికి నువ్వే పేరు పెట్టు."

తోటాయన చాలాసేపు ఆలోచించాడు. "మావాటా."

"అబ్బో! అయితే నువ్వే కొట్టు, నేను చెప్తా."

తోటాయన కుర్చీలో కూర్చుని, వెండిగిన్నె ముట్టుకున్నట్టు ఒంటివేలితో మీటలు ముట్టుకున్నాడు. గళ్ళచొక్కా కిటికీ దగ్గర అటు తిరిగి ఫోన్ చూసుకుంటూ చెప్పాడు: "సెట్. మావాటా. ఈక్వల్స్. రేంజ్. బ్రాకెట్లో లిల్లీ. తర్వాత వరస, మావాటాలో ఒక్కో గడికీ 'నీ'. అంతే. సెట్."

ముందొక సెట్టు, చివరొక సెట్టు. రెండూ వాడి నోటి ఊతపదమే అనుకున్నాడు తోటాయన. మావాటా దగ్గర మొదలుపెట్టి కొట్టాడు. కంప్యూటర్ కిక్కురుమనలేదు. తన వాటా పేరు తెరమీద వెలుగుతుంటే, అక్షరాల వెనకనుంచి తడిమట్టి వాసన వచ్చినట్టయింది.

మర్నాడే భార్యతో కలిసి కూతురి పురిటికి వెళ్ళాడు. రైలు కిటికీకి తల ఆనించి కునికితే, మడి పట్టాల పక్కనే పరిగెత్తుకుంటూ వచ్చింది. మావాటా అనే మనిషి, మొహం కనపడని మనిషి, మడిని చాపలా చుట్టి చంకన పెట్టుకుని నడుస్తున్నాడు. "ఎక్కడికి?" అంటే, "నువ్వెటు జరిగితే అటు," అన్నాడు.

మనవరాలిని చూసుకుని తిరిగొచ్చేసరికి లిల్లీమడిలో దోసనారు నవనవలాడుతోంది.

గళ్ళచొక్కా ఎదురొచ్చి, అడక్కముందే, "ఒక్క దుంప కూడా పోలేదు బావా, అన్నీ గోనెలో భద్రంగా ఉన్నాయి," అన్నాడు. "నారు వ్యాపారి వచ్చి స్థలం కావాలన్నాడు. షీట్ చూపించా. నీ మడి ఖాళీగా ఉంది. తొమ్మిదేళ్ళ కౌలుకి రాసుకున్నాడు."

"ఖాళీ ఏమిట్రా? 'నీ' అని రాశాను కదా!"

"రాశావు. ఎక్కడ రాశావు?" వాడు తెరమీద వేలు పెట్టాడు. "ఇక్కడ సెట్ లేదు. సెట్ ఉంటే మావాటా ఆ గడుల్నే పట్టుకునేది, అందులో రాసింది షీట్‌లో పడేది. సెట్ లేకపోతే గడుల్ని పట్టుకోదు. గడుల్లో ఏముందో దాని నకలు తెచ్చుకుంటుంది. నీ 'నీ'లన్నీ ఆ నకల్లో పడ్డాయి. మాక్రో అయిపోగానే నకలూ పోయింది."

తోటాయన గోనెలో చెయ్యిపెట్టి ఒక దుంపని నిమిరాడు. "ఎక్కడికి పోయాయిరా ఆ నీళ్ళన్నీ?"

"ఎక్కడికీ పోలేదు బావా. అసలు రాలేదు."

"సెట్ లేదని నీకెప్పుడు తెలిసింది?"

గళ్ళచొక్కా చొక్కా గుండీ తిప్పుకున్నాడు. "సోమవారం పొద్దున్నే చూశా. నువ్వే కదా బావా కొట్టింది? వద్దనుకున్నావేమో అనుకున్నా."

"ఆ రోజు నా చేతిలో కొట్టి సెట్ అన్నావు."

"అది మాటవరసకి బావా. కంప్యూటర్‌కి చెప్పాలిగా."

వెనకనుంచి అక్క వచ్చింది. "ఇన్ని గళ్ళు తొడుక్కున్నావు కదరా, ఒక్క గడిలోనైనా మనిషి పట్టడట్రా నీకు?" వాడు నవ్వబోయాడు గానీ, ఆమె నవ్వలేదు. నారు వ్యాపారి సంతకాలు అయిపోయాయి. చెయ్యగలిగింది లేదు.

దుంపలు ఇంటికొచ్చాయి. పగిలిన బకెట్లు, నూనెడబ్బాలు, మూత పోయిన కుక్కరు, దేనిలో పడితే దానిలో సర్దాడు. సగం కుళ్ళాయి. తెల్లవారగట్ల తోటాయన వంటింటి కిటికీ దగ్గర చెంబుతో నీళ్ళు పోస్తూ కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు గాజుకప్పు మళ్ళీ పైకి లేచేది. పొగమంచు దిగేది. మడి జానెడెత్తు తేలేది. కళ్ళు తెరిస్తే కుక్కరు.

ఒక పొద్దున పగిలిన బకెట్లో పువ్వు విచ్చింది. నీలమూ కాదు, బూడిదా కాదు. భార్య పొయ్యి ఆపేసి వచ్చి నిలబడింది. "ఏమండీ, వానొస్తుందేమోనండీ," అంది, బయట ఎండ కాస్తుంటే.

కబురు తెలిసి గళ్ళచొక్కా వచ్చాడు, కొత్త గళ్ళతో. బకెట్ చుట్టూ తిరిగాడు. "భలే రంగు బావా! చూశావా, మొక్కలు నీకే మిగిలాయి, పువ్వూ నీకే పూసింది. ఇక నీకు పోయిందేమిటి చెప్పు?"

తోటాయన చెంబు కిందపెట్టి, తడిచెయ్యి లుంగీకి తుడుచుకుని, అక్షరం అక్షరం కొట్టినట్టు చెప్పాడు.

"ఏడడుగుల వెడల్పు. ఇరవై ఆరడుగుల పొడవు. నూట ఎనభై రెండు గడులు."