గోడమీది భాగహారం

భర్త ఉమామహేశ్వరరావు చనిపోయాక, ఆయన పనిచేసిన బడికే తనను తాత్కాలికంగా పంపమని ఝాన్సీలక్ష్మి అడిగి మరీ వేయించుకుంది. అప్పటిదాకా ఆమె కాశీబుగ్గలో, ఇంటి పక్క బడిలోనే పంతులమ్మ. ఆ బడి వదిలి, మందస దాటి, బస్సులు మారి సముద్రం దాకా ఎందుకు వెళ్తోందో చుట్టాలకు అర్థం కాలేదు. ఆమెకు మాత్రం తెలుసు. డయాలసిస్ అయిన మర్నాడు ఆయన ఒంట్లో కాస్త ఓపిక ఉండేది. ఆ కాస్తా ఈ బడికే పట్టుకొచ్చేవాడు. ఇల్లు చేరేసరికి భార్యతో మాట్లాడటానికి కూడా ఓపిక ఉండేది కాదు. మంచం మీద వాలి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ మంచి రోజులన్నీ ఎక్కడ ఖర్చయ్యాయో ఆమె చూడాలనుకుంది.

నాలుగో తరగతి గదిలో, గోడమీద కనిపించింది. నీలం ఎనామిల్ రంగుతో ఆయన రాసిన భాగహారం లెక్క. ఒక్కో అంకె అరచెయ్యంత ఉంది. 412ని నాలుగుతో భాగించాడు. పైన జవాబు 13.

ఆమె మళ్లీ చూసింది. నాలుగులో నాలుగు ఒకసారి పోతుంది. తర్వాత ఒకటి దించాడు. ఒకట్లో నాలుగు పోదు కాబట్టి పైన సున్నా వేయాలి. వేయలేదు. పక్కనున్న రెండును కూడా దించి, పన్నెండు చేసి, పైన మూడు వేశాడు. అట్టడుగున శేషం సున్నా మాత్రం గుండ్రంగా, అందంగా ఉంది.

"సార్ ఆఖర్న రాసింది అదేనమ్మా," అన్నాడు హెడ్మాస్టరు దుర్గాప్రసాద్, గుమ్మంలోనే నిలబడి. "నిలబడలేక కుర్చీ వేసుకుని రాసేరు. తప్పుందని నాకూ తెలుసు. ఏటని సెప్తాం? ఉండనివ్వండి. సరైంది మీరు బోర్డుమీద సెప్పీండి."

ఆమె బోర్డుమీదే మొదలుపెట్టింది. 535ని ఐదుతో భాగించమంది.

"పదిహేడు!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

"మధ్యలో సున్నా ఏదీ?"

"సున్నా ఏటి మేడం?" లెక్కల్లో అందరికంటే చురుకైన ఇందు లేచి నిలబడింది. "పోకపోతే పక్కదాన్ని కూడా దింపీమన్నారు సార్. గోడ సూడండి."

"మేడంకి భాగారాలు రావర్రా," వెనక బల్లమీంచి ధనుంజయ్ గొణిగాడు. "ఇంట్లో సార్ దగ్గర నేర్సుకోనేదేటో!"

గదంతా నవ్వింది. ఆమె కోప్పడలేదు. బీరువా పక్కన ఆయన లెక్కలకు వాడిన నూనెడబ్బా ఉంది, నిండా జీడిపిక్కలు. వాటిని నేలమీద పోయించి, నాలుగు వందల పన్నెండు లెక్కపెట్టించింది. ఇందునీ ధనుంజయ్‌నీ మరిద్దరినీ చుట్టూ కూర్చోబెట్టి, సమానంగా పంచుకోమంది.

గోడమీది లెక్క ప్రకారం తలా పదమూడుతో అయిపోవాలి. పదమూడు పంచాక ధనుంజయ్ తలెత్తి కుప్ప వైపు చూశాడు. కుప్ప తరిగినట్టే లేదు. పంచుతూనే ఉన్నారు. కుప్ప ఖాళీ అయ్యేసరికి ఇందు గౌను ఒడి నిండి, పిక్కలు జారి కిందపడుతున్నాయి. ఆ పిల్ల వాటిని లెక్కపెట్టుకుంది.

"నూట మూడు," అంది నెమ్మదిగా. గోడ వైపు చూసింది. "అయితే సార్ తప్పు సెప్పేరా మేడం?"

సున్నా పాఠం నన్ను చెప్పమని సార్ వదిలివెళ్లారని అనొచ్చు. పిల్లలు నమ్ముతారు. కొన్నాళ్లకు తనకూ నమ్మకం కుదురుతుందేమో. ఝాన్సీలక్ష్మి గోడ దగ్గరకు వెళ్లి, ఒకటికీ మూడుకూ మధ్య వేలు పెట్టి చూసింది, ఆయన ఎక్కడైనా కాస్త చోటు ఉంచాడేమోనని. ఉంచలేదు. రెండంకెలూ ఆనుకునే ఉన్నాయి.

"తప్పే చెప్పారు," అంది. "ఒంట్లో బాగులేదు. అయినా తప్పు తప్పే."

"సార్ మీద మీకు కోపమా?" అని అడిగాడు ధనుంజయ్. ఈసారి గొణగలేదు.

"కోపమే."

"మాకు నేదు," అన్నాడు వాడు.

మర్నాడు వస్తూ ఆమె మందసలో రంగు అడిగింది. నీలం లేదన్నారు. నలుపే కొనుక్కొచ్చింది. బడి తెరవకముందే బ్లేడు పెట్టి గోడమీది మూడును గీకింది. రంగు మొండిగా పట్టుకుని ఉంది. కుర్చీలో కూర్చుని ఆయన ఎన్నిసార్లు అద్దాడో, పొర మీద పొర. నీలం పొడి ఆమె గోళ్లలో దూరింది. ఒకటి పక్కన నల్లటి సున్నా, దాని పక్కన నల్లటి మూడు వేసింది. చక్కగానే కుదిరాయి, చూడటానికి మాత్రం వేరే ఎవరో వచ్చి రాసినట్టున్నాయి.

పిల్లలు చూశారు. నిన్నటి 535 లెక్కే మళ్లీ ఇస్తే అందరూ నూట ఏడు చేసి తెచ్చారు. ధనుంజయ్ మాత్రం పదిహేడు తెచ్చాడు.

"నీకు రాదా?"

"వచ్చు మేడం."

"మరి?"

"గోడమీద మీరు సెరిపీసేరు కదా," అన్నాడు, నల్ల అంకెల వైపు చూడకుండా.

ఆమె ఎర్ర పెన్ను తీసి, పదిహేడు మీద ఇంటూ పెట్టింది. పుస్తకం తిరిగి ఇవ్వబోయి ఒక్క క్షణం ఆగింది. ధనుంజయ్ చెయ్యి చాపి దాన్ని లాక్కున్నాడు. వెనక బల్లమీద కూర్చుని, ఇంటూ కింద మళ్లీ పదిహేడే రాయడం మొదలుపెట్టాడు.