చిప్పలకు అమ్ముడుపోయిన డాలియా

వాన పడిన ఆదివారం ఏదో ఒక ప్రదర్శనకు వెళ్లడం నాకూ నా భార్య గోడెలీవకూ అలవాటు. ఎండ కాస్తే సముద్రం, వాన పడితే సముద్రం బొమ్మలు అనేది తను. మా సముద్రతీరపు ఊరు ఓస్టెండ్‌లో వానలకు కొదవ లేదు కాబట్టి మేం చూడని ప్రదర్శన అంటూ ఉండేది కాదు. తను పోయాక కూడా నేనా అలవాటు మానలేదు. ఒక్కడినే వెళ్లినా టికెట్లిచ్చే అమ్మాయి కుర్చీ చూపిస్తుంది, కాఫీ దగ్గర ఎవరో ఒకరు పలకరిస్తారు.

ఈసారి పాత చేపల వేలం హాలులో మా ఊరి వేసవుల మీద ప్రదర్శన పెట్టారు. మేడ మీద సముద్రం చిత్రాలు. కింద వెనకటి రోజుల్లో సముద్రస్నానానికి బట్టలు మార్చుకునే చక్రాల గదులు, మోకాళ్ల దాకా వచ్చే ఉన్ని ఈత దుస్తులు, ఒక మూల కాగితం పువ్వులు. మా తీరంలో పిల్లలు ఇసుకతో దుకాణం కట్టి, దాని మీద కాగితం పువ్వులు గుచ్చి అమ్ముతారు. ధర డబ్బుల్లో కాదు, తీరాన ఏరిన చిప్పల్లోనే. గోడెలీవ చలికాలమంతా కూర్చుని మా వీధి పిల్లల కోసం బుట్టెడు పువ్వులు చేసేది. అన్నీ పిల్లలు పట్టుకుపోగా ఒక్క ఎర్ర డాలియా మిగిలింది. మధ్యలో ఎర్ర కాగితం అయిపోతే నడిమి రేకులు నారింజ రంగువి పెట్టింది. ప్రదర్శనవాళ్లు అద్దాల పెట్టెలో ఉంచుతామని మాటిచ్చాకే దాన్ని వాళ్ల చేతికిచ్చాను.

మొదటి ఆదివారం వెళ్లి చూస్తే పెట్టెలో డాలియా లేదు. పక్కనే పిల్లలు ఆడుకోవడానికి ఇసుక పోసి ఉత్తుత్తి దుకాణం పెట్టారు. దాని వెనక మా పక్కింటి మారియెట్ కూర్చుని ఉంది. చిన్నతనంలో ఈ తీరం మొత్తానికి తనే గట్టి బేరగత్తెనని ఇప్పటికీ చెప్పుకునే మనిషి. సామాను సర్దినవాళ్లు నా పువ్వును పొరపాటున ఆమె ఇసుకలో గుచ్చేశారు.

"అమ్మేశానయ్యా ఫిర్మిన్," అంది ముఖం చిన్నబుచ్చుకుని. "పసుపు రెయిన్‌కోటు పిల్ల, పేరు ఫేబె అట. దోసెడు చిప్పలు పోసింది. ఒక్కటీ విరగలేదు."

"గోడెలీవ చేతి పువ్వని పోల్చుకోలేదా?"

"కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయాను. చిప్పలకైతే వేళ్లు చాలుగా."

ప్రదర్శన చూసుకునే అతను హడలిపోయాడు. తానే వెళ్లి ఆ పిల్లను అడిగి తెచ్చేస్తానన్నాడు. మారియెట్, నేను ఒక్కసారే వద్దన్నాం. చిప్పలు చేతిలో పడ్డాక పువ్వు వెనక్కి అడగడం మా తీరంలో ఎవరూ చెయ్యరు. కావాలంటే మళ్లీ కొనుక్కోవాలి. అదృష్టవశాత్తూ ఫేబె మాటకారి. పక్క ఊరి తీరంలో తనకూ ఒక దుకాణం ఉందని మారియెట్‌కు గొప్పగా చెప్పి వెళ్లింది.

మర్నాడు ఎండ కాసింది. నీళ్లు వెనక్కి తగ్గాక మారియెట్, నేను చాకు పిడిలా పొడుగ్గా ఉండే చిప్పలు సంచీ నిండా ఏరాం. గోడెలీవ పోయాక నేను చెప్పులు విప్పి తడి ఇసుక మీద నడవడం అదే మొదలు. పాదాలకు చల్లగా, హాయిగా ఉంది. సంచీతో ఆయాసపడుతూ వస్తున్న మమ్మల్ని చూసి పక్క ఊరికి వెళ్లే ట్రామ్ డ్రైవరు మేం ఎక్కేదాకా ఆగాడు.

ఫేబె దుకాణం నడిమధ్యలోనే ఉంది నా డాలియా, గాలికి తల ఊపుతూ. ధర అడిగాను. ఫేబె సంచీలోకి తొంగిచూసి ముక్కు చిట్లించింది.

"ఇవి ఇక్కడ చెల్లవు తాతగారూ. మా దగ్గర గులాబీ రంగు చిప్పలే."

ఒక్కో ఊళ్లో ఒక్కో రకం చిప్ప చెల్లుతుందని మాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. కంగారులో ఇద్దరమూ మర్చిపోయాం. మారియెట్ అయితే సముద్రం వైపు తిరిగి నిలబడింది.

చేసేదేముంది, మోకాళ్ల మీద కూర్చుని గులాబీ చిప్పలు వెతకడం మొదలుపెట్టాను. గోరంత ఉంటాయవి, సగం విరిగినవే. ఇంతలో ఒకాయన కూతురితో వచ్చాడు. ఆ పాప చేతి బకెట్ నిండా గులాబీ చిప్పలే, వేలు మాత్రం నా డాలియా వైపే. ఫేబె మాత్రం ఆ తాతగారు ముందు అడిగారని చెప్పి, పాపకు ఒక నీలం పువ్వు అంటగట్టింది.

తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇంకా ఎర్రవి ఉన్నాయి కదా, అదే ఎందుకు?"

"అది నా భార్య చేసిందమ్మా. ఇంకొకటి చెయ్యడానికి తను లేదు."

ఫేబె వెనక్కి తిరిగి డాలియాను ఒకసారి చూసింది. తర్వాత మారియెట్‌ను అడిగింది. "వచ్చే ఆదివారం మీ దుకాణం ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే ఆ సంచీ ఇలా ఇచ్చేయండి. మీ దగ్గర ఖర్చు పెట్టుకుంటాను."

"సంచీ మొత్తమే? నాకు నువ్విచ్చింది దోసెడేగా," అంది మారియెట్.

"అప్పుడు దాని సంగతి నాకు తెలీదుగా."

తిరుగు ట్రామ్‌లో మారియెట్ నవ్వుతూనే ఉంది, తనను మించినది పుట్టిందని. నేను పువ్వును కోటు లోపల పెట్టుకుని కూర్చున్నాను.

డాలియా ఇప్పుడు అద్దాల పెట్టెలో ఉంది. రేకుల్లో ఇరుక్కున్న ఇసుక దులుపుతానని ప్రదర్శన చూసుకునే అతను బ్రష్ తెస్తే, ఉండనివ్వమన్నాను. ఆదివారం మళ్లీ వాన. ఫేబె సంచీ మోసుకొచ్చి మారియెట్ దుకాణం సగం ఖాళీ చేసింది. తర్వాత వాళ్లమ్మను చెయ్యి పట్టి అద్దాల పెట్టె దగ్గరికి లాక్కొచ్చింది.

"ఇది నేను అమ్మిందే," అని చూపించింది.

పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి, అవునని సాక్ష్యం చెప్పాను.