గూడూరులో వచ్చిన ఏడుపు

పొరుగింటి కెజియా టీచరు చెప్పులు విడిచీ విడవకముందే పేపరు తెరిచి చదవడం మొదలుపెట్టింది.

"గూడూరు పోటీల్లో 'ఉప్పుమడి' నాటకానికి ప్రాణం పోసింది సాహిరా అనే యువనటి. తండ్రి శవం దగ్గర ఆమె ఏడ్చిన ఏడుపు నటన అనిపించలేదు. ఈమధ్య కాలంలో రంగస్థలం మీద ఇంతటి దుఃఖాన్ని మేం చూడలేదు."

మస్తాన్‌బీ గోడకానుకుని వింది. భర్త బడేసాహెబ్ పోయి రెండు నెలలు కూడా కాలేదు. భర్త పోయినామె పాటించే ఇద్దత్, ఆ నాలుగు నెలల పది రోజుల గడువు, ముగిసేదాకా ఆమె గడప దాటదు. ఎవరైనా, ఏదైనా బోగోలులోని ఆ రెండు గదుల ఇంటికే రావాలి. మస్తాన్‌బీ కూతురు సాహిరా బుగ్గ పుణికి, టీచరు పేపరు అక్కడే వదిలి వెళ్లింది.

అప్పుడు మస్తాన్‌బీ నోరు విప్పింది.

"మీ నాయన్ని ఎత్తుకోని పోయేటప్పుడు నీ కంట్లో ఒక్క చుక్క రాలా. వచ్చినోళ్లంతా నన్నే అడిగినారు, బిడ్డ ఏడవలేదేంది అని. ఆడ స్టేజీ మీద, ఊరంతా చూస్తుంటే వచ్చిందా మే ఏడుపు?"

సాహిరా పేపరు మడిచి పక్కన పెట్టింది.

బడేసాహెబ్ పరుపులు కుట్టేవాడు. కూతురు కాలేజీలో తొలిసారి వేషం కట్టినప్పుడు బంధువులు మొహాలు ముడుచుకుంటే, "నా బిడ్డ తప్పేం చేస్తా ఉంది?" అని ఎదురు అడిగినవాడు. కావలిలో రిహార్సల్స్‌కు తానే మోపెడ్ మీద దింపి, అయ్యేదాకా బయట అరుగు మీద కూర్చునేవాడు. ఆయన గుండె ఆగిపోయిన రోజు సాహిరా ఆ పాదాల దగ్గర కూర్చుంది. ముట్టుకుంటే చల్లగా తగిలాయి. ఏడుపు రాలేదు.

నాటకంలోనూ తండ్రి చనిపోతాడు. "వేరే అమ్మాయిని చూస్తాలేమ్మా" అని దర్శకుడు రంగనాయకులు అన్నా ఆమే ఒప్పుకోలేదు. గూడూరులో, తండ్రి వేషం వేసి శవంలా పడుకున్న పెంచలప్రసాద్ కాళ్ల మీద చేతులు వేసింది. రిహార్సల్స్‌లో ఎన్నోసార్లు పట్టుకున్న కాళ్లే. ఆ రోజు మాత్రం అవి వెచ్చగా ఉన్నాయని తెలిసింది. తెర పడగానే ఈయన లేచి టీ తాగుతాడు అనుకుంది. అంతే, కట్ట తెగింది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఇది అమ్మకు ఎలా చెప్పాలి? చెబితే సాకులా ఉంటుంది. ఇద్దరూ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఫోన్లో మాత్రం అభినందనలు వస్తూనే ఉన్నాయి. ప్రతి పొగడ్తకూ సాహిరా తలుపు చాటుకు వెళ్లి, గొంతు తగ్గించి, "థాంక్సండీ" అనేది.

ఇద్దత్ ముగిసింది. కావలిలో నాటకం మళ్లీ వేస్తున్నారని విని మస్తాన్‌బీ బురఖా తగిలించుకుంది. "నేనూ వస్తా," అంది. కూతురి నాటకం ఆమె చూడటం అదే మొదలు.

పగటి ప్రదర్శన. ముందు వరుసలో తల్లి. ఆ ఘట్టం వచ్చేసరికి సాహిరాకు కన్నీళ్లు రాలేదు. వాటికోసం వెతుక్కోలేదు కూడా. కాళ్ల దగ్గర కూర్చుంది, తొలగిన దుప్పటి సర్దింది, మాటలు పొడిగా పలికింది. చప్పట్లు ఒక మాదిరిగా పడ్డాయి.

మస్తాన్‌బీ మేకప్ గదిలోకి వచ్చి కూతురి పక్కన బెంచీ మీద కూర్చుంది.

"మీ నాయన పోయిన పొద్దు గూడా నువ్వు అట్టనే కూర్చోనుంటివి," అంది. "దుప్పటి అట్టనే సర్దినావు. నా ఏడుపులో నేనుండి అది పట్టించుకోలా. ఈ పొద్దు ఎదురుగా కూర్చోని చూసినా. అది ఏడుపు గాకపోతే ఇంకేంది?"

"అమ్మా, నాయన కాళ్లు చల్లంగా ఉండాయి," అంది సాహిరా. తల్లి ఒడిలో తల పెట్టి, మొహానికున్న రంగు బురఖాకు అంటుతున్నా లేవకుండా ఏడ్చింది. మస్తాన్‌బీ ఆమె వీపు నిమురుతూ తానూ ఏడ్చింది. బయట ఎవరో తలుపు తట్టబోయి వెనక్కి తగ్గారు.

తర్వాతి వారం పేపర్లో, గూడూరులో కంటతడి పెట్టించిన నటి కావలిలో తేలిపోయిందని రాశారు. ఈసారి సాహిరాయే చదివి వినిపించింది. మస్తాన్‌బీ చింతపండు పిసుకుతూ వింది.

"రాసుకోనీ. ఇంకోసారి వేసేటప్పుడు ఎట్టా చేస్తావు మరి?"

"తెలవదమ్మా. ఆడికి పోయినాక ఏది వస్తే అది."

"సరే," అంది తల్లి. "యాడ వేసినా నాకు ముందుగా చెప్పు. నేనూ వస్తా."