తొంభై ఒకటో నంబరు రంగు

నాలుగమ్మ దగ్గర "రాంగ్ నంబర్" అన్న మాట ఎత్తకూడదు. ఎత్తారో, ఆ పూటకి మీ పని అయిపోయినట్టే.

ఆవిడకి అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంది. కానీ ఇరవై ఎనిమిదేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో నాలుగో బోర్డు ముందు కూర్చున్న మనిషి. అక్కడ పేరు పెట్టి పిలిచే తీరిక ఎవరికుంది? బోర్డు నంబరే పేరు. అయిదూ ఆరూ ఎప్పుడు చూసినా రిపేరులోనే ఉండేవి కాబట్టి నాలుగు పక్కన ఏడు. సూపర్‌వైజరమ్మ వెనకనుంచి "ఏడు!" అని కేకేస్తే, ఏడో బోర్డావిడ హెడ్‌సెట్ ఒక చెవి మీంచి జరిపి, "ఎందుకండీ ఏడవడం, ఇప్పుడేగా డ్యూటీ ఎక్కాను" అనేది. ఇరవై ఎనిమిదేళ్ళూ అదే జోకు. ఇరవై ఎనిమిదేళ్ళూ నాలుగు పడీ పడీ నవ్వింది. స్నేహమంటే మరేమిటనుకున్నారు! వయసు మీదపడ్డాక మర్యాదకి వెనకాల 'అమ్మ' చేరి నాలుగమ్మ, ఏడమ్మ అయ్యారు, అంతే తేడా.

ఆ ఏడమ్మకి మూడు నెలల కిందట పక్షవాతం వచ్చింది. అదృష్టం బాగుండి కాలూ చెయ్యీ దారిలో పడ్డాయి. మూతి మాత్రం ఎడమపక్కకి వాలిపోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది. "మాట్లాడించండి. మాట్లాడితేనే మాట తిరిగొస్తుంది. ఈ నెలల్లోనే రావాలి, ఆలస్యమైతే కష్టం" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఏడమ్మ వింటేగా! నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించడం మొదలుపెట్టింది. ఎక్కడెక్కడి వాళ్ళనో తన గొంతుతో కలిపిన మనిషి, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి పలక వెతుక్కుంటుంటే నాలుగమ్మ చూడలేకపోయింది.

వచ్చే ఆదివారం పాత ఆపరేటర్లందరూ ఏడాదికోసారి కలుసుకునే రోజు. రమ్మని నాలుగమ్మ వెళ్ళి బతిమాలింది, కసిరింది, చివరికి అలిగి గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడమ్మ పలక అందుకుని, కాసేపు ఆలోచించి, రాసి చూపించింది.

"తొంభై ఒకటి తీసుకురా. వస్తా. మాట్లాడతా."

రుమాలు వెనక పెదాలు ఏం చేశాయో తెలీదు గానీ కళ్ళు మాత్రం కొంటెగా మెరిశాయి. రాను పొమ్మని మొహం మీద చెప్పలేక పెట్టిన మెలిక అది. నాలుగమ్మకి తెలియదా?

తొంభై ఒకటంటే లిప్‌స్టిక్కు. రోజాబెల్ కంపెనీది. ఆ రోజుల్లో ఆడపిల్లల సంచీలు రోజాబెల్ లిప్‌స్టిక్కూ, మిస్ లిల్లీ పౌడరూ, నీలం సీసాలో సిల్వర్ స్వాన్ స్నో క్రీమూ లేకుండా ఉండేవి కావు. ఇప్పుడు ఏ షాపులో ఆ పేర్లు చెప్పినా కౌంటరు పిల్ల జాలిగా చూస్తుంది. పౌడరు పోయింది, స్నో పోయింది, రోజాబెల్ మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. తొంభై ఒకటో నంబరు ఎరుపు కాదు, గోధుమ కాదు. దానిమ్మ గింజని కాఫీలో ముంచి తీస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. తన మొదటి జీతంతో కొనుక్కొచ్చింది ఏడు, ఇద్దరూ వాడారు.

"ఫోన్లో మిమ్మల్ని ఎవరు చూస్తారే, ఈ సోకులెందుకు?" అని సూపర్‌వైజరమ్మ సణిగేది.

"పెదాలకి రంగుంటే మాట ఒళ్ళు దగ్గర పెట్టుకుని బయటికొస్తుందండీ" అనేది ఏడు.

బోర్డు మీద సొంత సామాను పెట్టకూడదని రూలు. అందుకని ఆ వెండిరంగు గొట్టాన్ని నిలబెట్టిన ప్లగ్గుల వరసలో తలకిందులుగా దూర్చేవాళ్ళు. చూస్తే అదీ ఒక ప్లగ్గే అనిపించేది. ఒక్కటి మాత్రం దాచలేకపోయేవాళ్ళు. నోటి ముందుండే మైకుకి రంగు అంటేది. దాన్ని చూసి ఆ షిఫ్టులో ఆ సీట్లో ఎవరు కూర్చున్నారో ఇట్టే చెప్పేయొచ్చు. సూపర్‌వైజరమ్మ స్పిరిట్లో ముంచిన దూది పట్టుకుని తిట్టుకుంటూ తుడుచుకునేది పాపం.

ఇంటికొచ్చిన నాలుగమ్మ మనవరాలి నెత్తిన కూర్చుంది. "పాత సామాన్ల గ్రూపులేవో ఉన్నాయంటావుగా, అందులో పెట్టు. రోజాబెల్, తొంభై ఒకటి. తొమ్మిదీ ఒకటీ. తిరిగి చెప్పు."

"తొంభై ఒకటి, అమ్మమ్మా. పెడుతున్నా కదా, ఊపిరాడనీ."

రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు పొద్దున మనవరాలు ఫోను పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆ నడకలోనే తెలిసిపోయింది కబురు మంచిది కాదని.

"అమ్మమ్మా, ఒకప్పుడు రోజాబెల్ సేల్స్‌మేన్‌గా చేసినాయన రాశారు. వాళ్ళు చేసినవి మొత్తం ఇరవై నాలుగు రంగులేనట. తొంభై ఒకటి అనేది ఎప్పుడూ లేదట. మీరేదో రాంగ్ నంబర్ అనుకుంటున్నారు అన్నారు."

అన్నాడా! ఆ మాటే అన్నాడా! నాలుగమ్మ కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "అడ్రసు కనుక్కో" అంది. లిప్‌స్టిక్కు సంగతి తర్వాత, ముందు ఆ పెద్దమనిషికి గడ్డి పెట్టాలి.

ఆయన బట్టలు కుట్టే షాపు పైన రెండో అంతస్తులో ఒక గదిలో ఉంటున్నాడు. కింద మిషన్ల చప్పుడు నేలలోంచి అరికాళ్ళకి తగులుతోంది. మంచం, కుర్చీ, ఇస్త్రీ చేసి తగిలించిన ఒకే ఒక్క కోటు, మంచం కింద ఇత్తడి గొళ్ళేల పెట్టె. సన్నగా, శుభ్రంగా, గడ్డం గీసుకుని ఉన్నాడు. కూర్చోమని కుర్చీ జరిపాడు గానీ నాలుగమ్మ కూర్చోలేదు.

"రాంగ్ నంబర్ అన్నారట?"

"ఉన్నవి ఇరవై నాలుగేనమ్మా. షాపు షాపుకీ మోసినవాణ్ణి, నాకు తెలీదా?"

"మీరు మోశారు, మేం పూసుకున్నాం. తొంభై ఒకటండీ అది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క కాల్ తప్పు కలపని మనిషిని నేను. నాకు నంబర్లు చెప్పొస్తున్నారా?"

ఆయన వాదించలేదు. మంచం కింద పెట్టె లాగి గొళ్ళేలు తీశాడు. లోపల నల్లటి అట్ట. దాని మీద చొక్కా బొత్తాలంత గుంటలు, ఆరేసి చొప్పున నాలుగు వరసలు. ప్రతి గుంటలోనూ అసలు రంగే పోసి ఉంది. పెట్టె తెరవగానే గులాబీ, కొవ్వొత్తి కలిసిన వాసన గుప్పుమంది. నాలుగమ్మ అప్పుడు కూర్చుంది. చుట్టూ ప్లగ్గులు టకటకమంటున్నట్టూ, పక్కనుంచి ఏడు మోచేత్తో పొడుస్తున్నట్టూ అనిపించింది.

వేలు వరసల మీదుగా పోయి, మూడో వరసలో నాలుగో గుంట మీద ఆగింది.

"ఇదే. ఇదేనండీ!"

"అది పదహారమ్మా."

"కాదంటే వినరేం? తొంభై ఒకటి!"

ఆయన పెట్టె మూలనుంచి ఒక ఖాళీ గొట్టం తీసి చేతికిచ్చాడు. వెండిరంగుదే. అడుగున గుండ్రటి చీటీ, చీటీ మీద అంకెలు తప్ప ఇంకేమీ లేవు. నాలుగమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. తొమ్మిది, ఒకటి.

"చూశారా! కళ్ళు పెట్టుకుని చూడండి!"

ఆయన, ఆవిడ చేతిలో ఉండగానే గొట్టాన్ని అర చుట్టు తిప్పాడు. ఒకటి, ఆరు.

కింద మిషన్లు ఆగి మళ్ళీ మొదలయ్యాయి. నాలుగమ్మ గొట్టాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. తొంభై ఒకటి. పదహారు. తొంభై ఒకటి. పదహారు.

ఎక్స్ఛేంజీలో ఒక పద్ధతుండేది. నంబరు ఒకళ్ళు చెప్పాలి, రెండోవాళ్ళు తిరిగి చెప్పాలి. రెండూ కలిస్తే ఇక ఆ నంబరుకి తిరుగులేదు, మళ్ళీ అడిగితే అవమానం. మొదటిరోజు ప్లగ్గుల మధ్య తలకిందులుగా నిలబడ్డ గొట్టం వైపు వంగి, పైకి తిరిగిన అడుగు చీటీ చదివి ఏడు "తొంభై ఒకటి" అంది. నాలుగు "తొంభై ఒకటి" అని తిరిగి చెప్పింది. అంతే, అయిపోయింది. ఆ తర్వాత షాపులో ఖాళీ గొట్టం చూపించి అదే ఇమ్మనేవాళ్ళు, షాపువాడు ఇచ్చేవాడు. నంబరు వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోయింది.

నాలుగమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. ఆయన కంగారుగా మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నీళ్ళు తాగి, ఊపిరి తీసుకుని, అప్పుడు ఏడమ్మ సంగతంతా చెప్పింది. రుమాలు, పలక, ఆదివారం, అన్నీ.

"ఆ పదహారు నాకివ్వండి."

ఆయన అట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. "కంపెనీ మూసేసిన రోజు అందరూ అట్టలు తిరిగిచ్చేశారమ్మా. నేనొక్కణ్ణే దాచుకున్నాను. ఇరవై నాలుగూ ఉంటేనే ఇది అట్ట. ఒకటి తీస్తే పళ్ళూడిన నోరులా ఉంటుంది."

"ఆవిడ నోరే పోయేట్టుందండీ" అంది నాలుగమ్మ.

ఆయన అట్ట మీంచి చెయ్యి తీశాడు. తర్వాత చిన్న చాకు తీసి, పదహారో గుంట చుట్టూ జాగ్రత్తగా గీసి, లోపలి ముద్దని ఊడదీసి ఖాళీ గొట్టం మూతలో పెట్టాడు. "ఇది పెద్దగా అమ్ముడయ్యేది కాదమ్మా. అయినా ఈ ఊళ్ళో ఎవరో కొంటూనే ఉండేవాళ్ళు. ఎవరా అనుకునేవాణ్ణి. మీరిద్దరేనన్నమాట" అన్నాడు. ఆ మాటకి నాలుగమ్మ ఆయన్ని క్షమించేసింది.

ఏడమ్మ ఇంట్లో కోడలు గరిటెలో రెండు చుక్కల కొబ్బరినూనె వేసి, సన్నటి సెగ మీద ఆ ముద్దని కరిగిస్తూ భయపడిపోయింది. "పిన్నిగారూ, ఇది ఏనాటిదో ఏమో, అత్తయ్య పెదాలు పుండు పడితే?"

"వస్తూ దారిలో నేను రాసుకున్నా. చూడు, చచ్చానా?"

ఏడమ్మ కిటికీ పక్క కుర్చీలో ఉంది. కరిగించిన రంగు తిరిగి పోసిన మూత ముక్కు దగ్గర పెట్టగానే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. రుమాలు దానంతటదే ఒళ్ళోకి జారింది. కోడలు అద్దం తేబోతే వద్దని తల ఊపింది. అసలు ఎప్పుడు అద్దం చూసి రాసుకుంది గనక! ఉంగరం వేలితో రంగు తీసి, రెండే రెండు పూతలు వేసింది. కుడిపక్క కొలిచి గీసినట్టు వచ్చింది. ఎడమపక్క పెదవి వాలినచోట వేలు ఒక్క క్షణం తడబడి, దాన్నీ వెతుక్కుని పట్టుకుంది.

"తెచ్చాను. ఇప్పుడు మాట్లాడు" అంది నాలుగమ్మ.

ఏడమ్మ నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. నాలుగమ్మ మొహంలోకి చూసి, సిగ్గుతో చూపు తిప్పేసుకుని పలక కోసం చెయ్యి చాపింది. ఇంత చేసీ ఇదేనా? నాలుగమ్మకి తిట్టు నోటిదాకా వచ్చింది. వచ్చాక ఆగింది. బోర్డు ముందు కూర్చున్నన్నాళ్ళూ మొహాలు చూసి ఏడు ఎప్పుడు మాట్లాడిందని! వైరు మీదే కదా మాట్లాడింది.

గబగబా గదిలోంచి బయటపడి, మెట్ల మీద నిలబడి, సెల్లులోంచి ఆ ఇంటి ఫోనుకే చేసింది. లోపల ఏడమ్మ కుర్చీ పక్కన రింగు మోగింది. కోడలు తీయబోతుంటే గుమ్మంలోంచి వేలు ఆడించి ఆపింది. రెండు రింగులు. మూడు. ఏడో బోర్డు మూడు రింగులు దాటనిచ్చిన రోజు లేదు. నాలుగో రింగు సగంలో ఆగిపోయింది.

ముందు ఊపిరి వినిపించింది.

"న... నంబర్... ప్లీజ్."

నాలుగమ్మ మెట్టు మీద నిటారుగా కూర్చుంది. డ్యూటీలో ఉన్నట్టే చెప్పింది.

"పదహారు."

అటునుంచి మెల్లగా, "త...తప్పు. తొంభై... ఒకటి."

"నువ్వు తలకిందులుగా చదివావే మహాతల్లీ. నేను తిరిగి చెప్పాను. మన జన్మకి ఒకే ఒక్క రాంగ్ నంబర్, అదీ ఇన్నేళ్ళు. అది తొంభై ఒకటి కాదే. పదహారు."

ఏడమ్మ అంకెని తిప్పి చూసుకుంటోందని నాలుగమ్మకి కనపడకుండానే తెలిసింది. వైరులోంచి ముద్దగా, వంకరగా, కానీ అచ్చం ఏడుదే, కొంటెగొంతు వచ్చింది.

"పదహారు... ఏళ్ళా... మనకా?"

నాలుగమ్మ పక్కున నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కడ దారి తప్పిందో, ఏడుపైపోయింది. ఆపుకోలేకపోయింది, ఆపుకోవాలనీ అనుకోలేదు.

"ఏడవకే" అంది అటునుంచి. "ఏడు... నేను... కదా."

పాత జోకే. నాలుగమ్మ ఏడుస్తూనే పడీ పడీ నవ్వింది.

"ఆదివారం... ఎన్నింటికి?"

"పదింటికి. నేనొచ్చి తీసుకెళ్తా."

లోపలికి వచ్చేసరికి ఏడమ్మ రిసీవర్ పెట్టేసి కూర్చుని ఉంది. రిసీవర్ కింది భాగంలో, మాట్లాడేచోట, దానిమ్మ గింజని కాఫీలో ముంచినట్టు మరక. కోడలు తడిగుడ్డ పట్టుకుని వంగింది.

"తుడవకు" అంది ఏడమ్మ. రుమాలు లేదు, పలక లేదు. కోడలి మొహంలోకి తిన్నగా చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది. "సీట్లో... ఎవరున్నారో... తెలియాలి."