రాజుగారి కంటే ముందు

మేత బస్తా రొయ్యల చెరువు గట్టుకి చేర్చేలోగా పాపాయి రెండుసార్లు కూలబడింది. కాళ్లు పొంగాయి, ఊపిరి అందడం లేదు. గుండె బాగా బలహీనపడిందని, మందులతో నెట్టుకురావడమేనని డాక్టర్లు ఎప్పుడో చెప్పేశారు. అయినా రొయ్యలకి ఆకలి ఆగదు కదా!

చెరువుల యజమాని సాంబశివరాజుగారిదీ అదే జబ్బు. కాకపోతే ఆయన ఏసీ గదిలో ఆయాసపడతారు.

ఆ మధ్యాహ్నం ఆయనే కారు దిగి గట్టు మీదికొచ్చారు.

"పాపాయీ, కొత్త వైద్యం వచ్చిందే. గుండెలోకి మంచి జీన్ ఎక్కిస్తారంట. ఇంకా ట్రయల్స్‌లో ఉంది, ఫ్రీయే. రాజమండ్రి హాస్పిటల్లో నీ గురించి చెప్పాను. రేపు కారు పంపిస్తాను."

పాపాయి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లకి తనకీ ఓ గుండె ఉందని ఒకరికి గుర్తొచ్చింది.

"మరి తమరోనండి?"

"నీకెలా ఉంటుందో చూసి, తర్వాత నేనూ చేయించుకుంటాలే."

ఆమె ఒళ్లు మండిపోయింది. చెరువులో పిల్ల వదిలే ముందు చిన్న వలసంచిలో గుప్పెడు రొయ్యపిల్లల్ని వేసి నీళ్లలో కట్టడం ఆమె పనే. అవి బతికితేనే లక్షల పిల్ల వదులుతారు. చస్తే నీళ్లు బాగాలేవంటారు. చచ్చినవాటి ఊసు ఎవరూ ఎత్తరు.

అయినా మర్నాడు కారెక్కింది. బతకాలని ఆమెకీ ఉంది.

హాస్పిటల్లో డాక్టర్ ప్రణతి ఏదీ దాచలేదు. "పనిచెయ్యొచ్చు, చెయ్యకపోనూవచ్చండి. జీన్‌ని ఓ వైరస్ మోసుకెళ్తుంది. ఒకసారి ఎక్కించాక ఒంటికి ఆ వైరస్ గుర్తుండిపోతుంది, మళ్లీ ఎక్కిస్తే తిప్పికొట్టేస్తుంది. రెండో అవకాశం దాదాపు ఉండదు. మీ ఇష్టంతోనే వచ్చారా?"

"ఆవిడకేం తెలుసండి, మొదలుపెట్టండి," అన్నారు తనూ వెంట వచ్చి పక్క కుర్చీలో కూర్చున్న రాజుగారు.

"తెలుసండి," అంది పాపాయి. "నాకు వైద్యం కావాలి. కానీ తమరు పరీక్షించి చూసుకోడానికి మాత్రం నేను బల్లెక్కను. ఇద్దరిదీ ఒకే జబ్బు. తమరూ రండి, ఒకేరోజు చేయించుకుందాం. లేకపోతే నేనూ చేయించుకోను."

"కొవ్వెక్కిందా? రేపట్నుంచి చెరువు మీద కాలు పెట్టకు!"

"పెట్టనండి."

 చావంటే భయమున్నా, గోడ పట్టుకుని లేచి నిలబడింది.

ప్రణతి ఇద్దరినీ చూసింది. పాపాయిని అడిగిన గొంతుతోనే, కుర్చీ రాజుగారి వైపు తిప్పుకుని అడిగింది:

"మీకు ఇష్టమేనా అండి?"

రాజుగారి చెయ్యి ఛాతీ మీదికి వెళ్లింది. పాపాయి రొప్పుతూనే, ఆయన కళ్లలోకి సూటిగా చూస్తూ జవాబు కోసం నిలబడింది.