జంటకో బీకరు

మా కెమిస్ట్రీ ల్యాబులో ఏ వస్తువైనా జంటకొకటే ఇస్తారు. ఇద్దరికి ఒక బీకరు, ఒక థర్మామీటరు, ఒకదాన్లో ఒకటి దూర్చిన రెండు థర్మాకోల్ కప్పులు. మా నాన్న వంతెనలు కట్టే పని చేస్తాడు. వంతెన పూర్తయిందంటే మేం పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. అందుకే ఈ స్కూల్లో ఏడాది మధ్యలో చేరాను. నెలలు గడిచినా అందరి నోట్లో నేనింకా ‘కొత్తమ్మాయి’నే. నేను వచ్చేసరికే జతలన్నీ కుదిరిపోయాయి.

"జత లేదా అమ్మా?" అన్నాడు ల్యాబ్ అటెండరు.

"అక్కర్లేదు. ఒక్కదాన్నే చేసుకుంటా."

మహారాణిలా చెప్పాను గానీ, ఎవరైనా "ఇటు రా" అంటే చాలు, పరుగెత్తడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ అనలేదు. అటెండరు అలమరా అంతా వెతికి ఒకే ఒక్క కప్పు, దాని మూత, ఒక థర్మామీటరు నా చేతిలో పెట్టాడు. కప్పు ఒరక్కుండా నిలబెట్టుకునే బీకర్లు అయిపోయాయట.

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. కప్పులోని ఆమ్లంలో క్షారం పోయాలి. రెండూ కలిస్తే వేడి పుడుతుంది. ఎన్ని డిగ్రీలు పెరిగిందో చూసి, మోలుకు ఎన్ని కిలోజౌళ్ళ వేడి వెలువడిందో లెక్క కట్టాలి. పుస్తకంలో ఉన్నది యాభై ఏడు. కొంత వేడి గాల్లో కలిసిపోతుంది కాబట్టి మాకు అంతకంటే తక్కువే వస్తుందని మేడమ్ ముందే చెప్పారు. యాభై ఏడుకు ఎంత దగ్గరగా వస్తే అంత గొప్ప.

నా ఆశంతా దాని మీదే పెట్టుకున్నాను. నాది అందరికన్నా బాగా వస్తే, ఈసారి ఎవరో ఒకరు నా బల్ల దగ్గరికి వచ్చి "మనిద్దరం కలిసి చేద్దామా?" అంటారు. తెలివైనవాళ్ళతో జతకట్టడం ఎవరికి ఇష్టముండదు!

ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. లెక్క తేలాక నా కళ్ళను నేనే నమ్మలేదు. అరవై మూడు. మళ్ళీ మళ్ళీ లెక్కేసినా అరవై మూడే. కొట్టేసి యాభై ఆరని రాస్తే అడిగేవాళ్ళెవరూ లేరు. అయినా చూసింది చూసినట్టే బోర్డు మీద రాశాను.

"ఈవిడ స్టవ్ మీద పెట్టినట్టుంది మేడమ్!" అన్నాడు ఫస్టు ర్యాంకు అబ్బాయి. క్లాసంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మేడమ్ నవ్వలేదు. "వేడి పోవాలి గానీ ఇంకా పెరగడమేంటి? మళ్ళీ చెయ్. నా ముందే చెయ్."

అందరూ చుట్టూ మూగారు. ఆమ్లంలో క్షారం పోసి మూత పెట్టి, ఇందాకటిలాగే కప్పును రెండు చేతుల్లో పొదివి పట్టుకుని మెల్లగా తిప్పసాగాను.

"అదీ సంగతి!" అన్నారు మేడమ్. "ఇంత చలిగదిలో కప్పును అలా పట్టుకుంటే నీ ఒంటి వేడి దాన్లోకి పోదూ? చేతులు తీసెయ్."

"తీస్తే పడిపోతుంది మేడమ్. థర్మామీటరు బరువుకి ఒరిగిపోతోంది."

"పక్కనవాళ్ళని పైఅంచు పట్టుకోమను."

పక్కకి చూశాను. ఖాళీ స్టూలు ఉంది. మేడమ్ కూడా అటే చూశారు.

"ఎవరైనా వచ్చి పట్టుకోండర్రా," అన్నారు.

ఒకడు పెన్నుకి మూత పెట్టుకున్నాడు. ఇంకొకమ్మాయి స్నేహితురాలి చెవిలో ఏదో చెప్పింది. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఆ కాసేపట్లో నేను పడ్డ అవమానం ఆ నవ్వులన్నిటికన్నా ఎక్కువ.

చివరికి మేడమే స్టోరు గదిలోంచి కొత్త కప్పు ఒకటి తెప్పించి, అంచును రెండు వేళ్ళతో పట్టుకున్నారు. మొదటినుంచీ మళ్ళీ చేశాను. యాభై అయిదు వచ్చింది. క్లాసులో అంత దగ్గరగా ఎవరికీ రాలేదు. అరవై మూడు తుడిచేసి ఆ అంకె ఆవిడే స్వయంగా రాశారు.

పీరియడ్ అయిపోయింది. ఎవరైనా వస్తారేమోనని కప్పును కడిగిందే కడుగుతూ నిలబడ్డాను. నిజంగానే రెండు జడల అమ్మాయి వచ్చింది.

"నీ రీడింగులు ఓసారి ఇవ్వవా? మాది అస్సలు బాగా రాలేదు."

ఇచ్చాను. గబగబా ఎక్కించుకుని, "థాంక్స్" అని, గుమ్మం దగ్గర నిలబడ్డ తన జత దగ్గరికి వెళ్ళిపోయింది. ఇద్దరూ చేతులు పట్టుకుని వరండాలో నడిచిపోయారు.

అలమరాకు తాళం వేస్తున్న మేడమ్ నన్ను చూసి దగ్గరికి వచ్చారు. భుజం మీద చెయ్యి వేశారు.

"బెంగ పెట్టుకోకు. వచ్చేవారం టైట్రేషన్. బ్యూరెట్టుకి స్టాండు ఉంటుంది, పట్టుకునేవాళ్ళతో పనే లేదు. ఇక ఏడాది చివరిదాకా అవే. జత అక్కర్లేదు, ఎవరిది వాళ్ళే చేసుకోవాలి. నీకు హాయిగా ఉంటుంది."

ఎంతో ఆప్యాయంగా చెప్పారు. పాపం, నాకు మంచి కబురే చెబుతున్నాననుకున్నారు. "థాంక్యూ మేడమ్," అన్నాను. ఆవిడ వెళ్ళేదాకా ఎలాగో నవ్వుతూ నిలబడి, ఆ తర్వాత కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చాను.